సెన్సారు సర్టిఫికెట్టు, ఎనిమిదేళ్ల పిల్లవాడు

"మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. పండుగకు వచ్చిన బంధువులతో కలిసి రెండో ఆట సినిమాకు తీసుకువెళ్లాము. ఆనాటినుంచి రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. చీకటి పడితే ఒంటరిగా పెరట్లోకి వెళ్లడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలయింది. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. ఆ బొమ్మకు సెన్సారు వారు యు/ఎ 16+ అని ఇచ్చారట. పిల్లలు చూడకూడనిదైతే గేటు దగ్గర ఆపేవారు గదా? నిద్రకు ఏదైనా మందు చెప్పండి" అని ఒక తల్లి రాశారు.

అమ్మా, ముందుగా మందు సంగతి. నిద్ర మాత్రలు వద్దు. పక్కింటివారు వాడిన సిరప్పులు అసలే వద్దు. బెదిరిన పిల్లవానికి కావలసినది మత్తు కాదు, ధైర్యం.

అబ్బాయి ఎలా లేస్తున్నాడో రెండు మూడు రాత్రులు గమనించండి. తెల్లవారుజామున లేచి, వచ్చిన కల చెప్పి ఏడుస్తూ మిమ్మల్ని కరుచుకుంటే అది పీడకల. దగ్గరకు తీసుకుని, గదిలో చిన్న దీపం ఉంచి, మళ్లీ పడుకోబెట్టండి. అలాకాక నిద్రపోయిన ఒకటి రెండు గంటలలోనే కెవ్వున కేకవేసి, కళ్లు తెరిచి ఉన్నా మిమ్మల్ని గుర్తుపట్టక, తెల్లవారాక ఏమీ జ్ఞాపకం లేదంటే అది వేరు. అప్పుడు బలవంతంగా లేపకండి. మంచంమీదనుంచి పడకుండా చూసుకుంటే కొద్ది నిమిషాలలో తానే సర్దుకుంటాడు. పక్క తడిపినందుకు తిట్టవద్దు; చుట్టాల ముందు ఆ మాట ఎత్తనే వద్దు. ఏ దృశ్యం చూసి జడిశాడో పట్టపగలు, నలుగురూ తిరిగే వేళ అడగండి. చెప్పలేకపోతే బొమ్మ గీయమనండి. దిష్టి తీసినందువల్ల నష్టం లేదు గాని, "నీకేదో గాలి సోకింది" అని వాడి ఎదుట అనడంవల్ల నష్టం ఉంది. సినిమాలో చూసిన దయ్యం నిజమేనని తల్లే ఒప్పుకున్నట్టవుతుంది!

సాధారణంగా ఇది కొన్ని వారాలలో తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోయినా, బడికి వెళ్లనని మొరాయించినా, తిండి మానేసినా పిల్లల వైద్యునికి చూపించండి.

ఇక గేటు సంగతి. ఇలా అనుకునేవారు చాలామంది ఉన్నారు కనుక కాస్త వివరంగా చెబుతాను.

మనదేశంలో 1949లో సినిమాలను "యు", "ఎ" అని రెండు తరగతులు చేశారు. మొదటిది అందరికీ, రెండవది పద్ధెనిమిదేళ్లు నిండినవారికి. 1983 జూన్‌లో "యు/ఎ", "ఎస్" చేరాయి. ("ఎస్" అంటే వైద్యులవంటి ఏదో ఒక ప్రత్యేక వర్గానికి మాత్రమే చూపే చిత్రాలు. దానితో మీకు పని లేదు.) యు/ఎ అంటే పన్నెండేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఆలోచించుకోవాలని అర్థం. మూడేళ్ల పసివానికీ పదకొండేళ్ల పిల్లకూ ఒకే గీత గీయడం వైద్యుల దృష్టిలో అర్థంలేని పని. 2023లో చట్టాన్ని సవరించి, 2024 నియమాలతో ఈ యు/ఎను 7+, 13+, 16+ అని మూడు మెట్లు చేశారు. ఆలస్యంగానైనా మంచిపనే.

అయితే ఒక మెలిక ఉన్నది. "ఎ" బొమ్మకు మైనరు పిల్లలను రానివ్వకుండా చూడవలసిన బాధ్యత హాలువారిది. యు/ఎ మీది అంకెను మాత్రం అమలుచేయవలసినది తల్లిదండ్రులూ సంరక్షకులే, ఇతరులెవ్వరూ కాదని చట్టంలోనే రాశారు. అంటే 16+ అని ఉన్న బొమ్మకు ఎనిమిదేళ్లవాడు టిక్కెట్టుతో వస్తే గేటు కీపరు ఆపడు. ఆ గేటు దగ్గర నిలబడవలసినది మీరే అన్నమాట. అది ప్రవేశానికి అనుమతి కాదమ్మా, మీకు రాసిన చీటీ.

ఆ చీటీ రాసేవారు ఎవరు? ఒక అధికారి, నలుగురు సలహా సంఘ సభ్యులు కూర్చుని బొమ్మ చూస్తారు. ఆ నలుగురిలో ఇద్దరు స్త్రీలు ఉంటారు. అందరూ పెద్దవారే. హింస, భయం, అసభ్యం, మత్తుపదార్థాలు ఎంతమేర ఉన్నాయో తూచి అంకె వేస్తారు. మీ వాడు కుక్క మొరిగితేనే జడుస్తాడనీ, మొన్ననే తాతగారు పోయారనీ వారికెలా తెలుస్తుంది? చావు చూసిన ఇంటి పిల్లవానికి "యు" బొమ్మలో తల్లి చనిపోయే దృశ్యమైనా గుండెల్లో దిగబడవచ్చు.

భయం వయసునుబట్టి మారుతుంది. ఆరేడేళ్లలోపు వారిని బెదరగొట్టేది కంటికి కనిపించే రూపం: కోరలు, రక్తం, ఉన్నట్టుండి వికృతంగా మారే మొహం. "అదంతా రంగురా, మేకప్పురా" అంటే వారికి ఊరట కలగదు. ఒడిలోకి తీసుకుని బయటికి తీసుకువెళ్లడమే మందు. ఎనిమిది తొమ్మిదేళ్లు వచ్చాక మాటలు పనిచేస్తాయి. కాని అప్పుడు దయ్యాలకంటె దొంగలు, అపహరణలు, ఇంట్లో హత్యలు, నిజంగా జరగగలవి ఎక్కువ బాధిస్తాయి. పన్నెండు పదమూడేళ్లవాడు జడిసినా పైకి చెప్పడు. నవ్వుతాడు. వాణ్ణి చూసి "మావాడు ధైర్యవంతుడు" అని మురిసిపోకండి సుమా!

కనుక టిక్కెట్టు కొనేముందు పోస్టరు మీది అంకె చూడండి. ఇంట్లో పెద్దవారెవరైనా ముందు చూసివస్తే మరీ మంచిది. హీరోగారి అభిమానం, పండుగ సరదా, పిల్లవాణ్ణి ఎవరి దగ్గర వదలాలన్న ఇబ్బంది నాకు తెలియనివి కావు. బంధువులలో ఒకరు ఇంటిపట్టున ఉండి, మర్నాడు మొదటి ఆటకు వెళ్లవచ్చును. తీసుకువెళ్లారే అనుకోండి, పిల్లవాడు చెవులు మూసుకుని మీ భుజంలో మొహం దాచుకుంటే టిక్కెట్టు డబ్బు చూసుకోకుండా లేచి వచ్చేయండి.

హాలులో కనీసం మీరు పక్కనుంటారు. సెల్‌ఫోనులో చూసేటప్పుడు ఎవరూ ఉండరు. ఇంటర్నెట్టులో సినిమాలు చూపే సంస్థలు 2021 నియమాల ప్రకారం ఇవే అంకెలు వేయాలి. 13+, ఆ పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఇవ్వాలి. ఆ తాళం తీసే అంకెలు పిల్లవానికి తెలియనివ్వకండి. చాలా ఇళ్లల్లో అది పెట్టిపెట్టేదే ఆ పిల్లవాడు!

మూర్ఛ వచ్చే పిల్లలున్నవారికి మరొక మాట. సర్టిఫికెట్టు చెప్పని ప్రమాదమిది. 1997 డిసెంబరులో జపానులో టెలివిజనులో వస్తున్న ఒక పిల్లల కార్టూనులో ఎరుపు, నీలం వెలుగులు కొద్ది క్షణాలపాటు గబగబ మారేసరికి వందలమంది పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు. మూర్ఛ ఉన్న పిల్లలందరికీ వెలుగు పడకపోదు, కొద్దిమందికే పడదు. మీ బిడ్డ ఆ కొద్దిమందిలో ఉన్నదని వైద్యుడు చెప్పివుంటే తెరకు దూరంగా, వెనుక వరుసలో కూర్చోబెట్టండి. వెలుగులు టపటప కొట్టేటప్పుడు ఒక కన్ను అరచేతితో పూర్తిగా మూసి, మొహం పక్కకు తిప్పమనండి. రెండో ఆటకు మాత్రం తీసుకువెళ్లవద్దు. రాత్రి వేసుకోవలసిన మాత్ర వేళ తప్పడం, నిద్ర చెడటం కూడా మూర్ఛను రప్పిస్తాయి.