రామయ్యది ఏ కులం?

తెలుగు సినిమాలో దొర ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తాడు. గడి, పడక కుర్చీ, చేతికర్ర, వెనక నిలబడ్డ గుమాస్తా. అతని ఎదుట నిలబడ్డ మనిషే మసకగా ఉంటాడు. ఆ మనిషికి పేరుంటుంది, ఆకలి ఉంటుంది, ఆఖరున తిరుగుబాటు కూడా ఉంటుంది. కులం ఒక్కటే ఉండదు. ఇరవై ఏళ్లుగా కూడబెట్టుకున్న పాత సినిమాల డీవీడీలను ఈ మధ్య వరుసపెట్టి మళ్లీ చూస్తుంటే నన్ను వదలకుండా వెంటాడిన విషయం ఇదే.

2007లో మొజర్‌బేర్ సంస్థ 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మకానికి పెట్టాక కోరుట్ల, జగిత్యాల వంటి పట్టణాల్లోని చిన్న దుకాణాల్లోకి కూడా పాత సినిమాలు వచ్చాయి. నా సేకరణలో సగం అక్కడ కొన్నదే. ‘మా భూమి’, ‘దాసి’ వంటివి మాత్రం హైదరాబాదులో వెతికి తెచ్చుకోవలసి వచ్చింది. దొరలను ఎదిరించిన ఊళ్లలో దొరల సినిమాలు దొరకకపోవడం మీద అప్పట్లో మిత్రులం నవ్వుకున్నాం.

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’ 1980లో ప్రేక్షకుల ముందుకు వచ్చింది. దాని మూలం కృషన్ చందర్ నవల. కాలం నిజాం పాలన. ఆ సినిమా రూపుదిద్దుకుంటున్న రోజుల్లోనే, 1978 సెప్టెంబరు 7న, జగిత్యాలలో వేలాది రైతుకూలీలు ఊరేగింపు తీశారు. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తెర మీది 1940లూ, తెర బయటి 1978లూ ఒకే కథగా కలిసిపోయి మా తరానికి చేరాయి. అవి ఒకే కథ కావు.

సిరిసిల్లలో డిగ్రీ విద్యార్థులకు ‘మా భూమి’లోని కొన్ని భాగాలు చూపించినప్పుడు ఒక అబ్బాయి అడిగాడు: ‘సార్, రామయ్యది ఏ కులం?’ కొందరు నవ్వారు. కానీ అది సినిమా గుండెకాయను తాకే ప్రశ్న. చంద్రి లంబాడ యువతి అని ఆమె వేషమే చెబుతుంది. రామయ్య విషయంలో కథ నిలబడేది వెట్టి మీద, కులం మీద కాదు. వెట్టి మాత్రం ఎన్నడూ కులం లేకుండా లేదు. ఎవరు చెప్పులు కుట్టాలో, ఎవరు మూట మోయాలో, ఎవరు కల్లు పోయాలో, ఎవరి బిడ్డ గడిలో పనికి పోవాలో పుట్టుకే నిర్ణయించింది. వెట్టిని చూపి కులాన్ని దాచడమంటే యంత్రాన్ని చూపి ఇరుసును దాచడమే.

‘వర్గ పోరాటం గురించి తీసిన సినిమాలో కులాన్ని వెతకడం ఎందుకు, అది ఐక్యతను చీల్చదా’ అని మా తరం అధ్యాపకుల్లోనే కొందరు అంటారు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల అనుభవం దీనికి నేరుగా జవాబిస్తుంది. అక్కడి రైతుకూలీ సంఘాల చేతిలోని పదునైన ఆయుధం తుపాకీ కాదు, సాంఘిక బహిష్కరణ. మంగలి దొర గడ్డం గీయడు, చాకలి బట్టలు ముట్టడు, జీతగాడు నాగలి కట్టడు, పనిమనిషి గడి గడప తొక్కదు. అంతకు ముందు కింది కులాల వాడు తల ఎత్తితే పడే శిక్ష వెలి. అదే వెలిని తిప్పి దొర మీద ప్రయోగించారు. చాలామంది దొరలు ఊరు విడిచి పట్నాలకు చేరింది ఆ దెబ్బకే. కులవృత్తుల వాళ్లందరూ ఒక్కమాట మీద నిలబడితేనే అది సాధ్యమైంది. కులాన్ని మరిచి ఏకమైనవాళ్లు కారు వాళ్లు. ఎవరి కులం పనిని వాళ్లు ఆపి ఏకమయ్యారు.

ఆ రోజు తరగతిలోనే రజక కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థిని తన తాత చెప్పే మాట చెప్పింది: ‘దొర బట్టలు మూడు వారాలు గడిలనే మురిగినయ్ బిడ్డా.’ ఇంతకంటే మంచి సినిమా దృశ్యం నేను ఊహించలేను. అటువంటిది నా డీవీడీల్లో ఒక్కటీ లేదు. జెండాలున్నాయి, కాగడాలున్నాయి, పరుగెత్తే జనం ఉన్నారు. మురిగిన బట్టల మూట లేదు.

అయితే కులాన్ని కళ్లు తెరిచి చూసిన సినిమాలు అసలే లేవనలేను. శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’ (1974) హిందీ సినిమాయే అయినా తెలంగాణ పల్లె కథ. పట్నంలో చదువుకున్న భూస్వామి కొడుకు సూర్య, కుమ్మరి ఇంటి లక్ష్మిని చాయ్ పెట్టమంటాడు. ఆమె కులం గుర్తుచేసి వెనుకాడుతుంది. తనకు కులం పట్టింపు లేదంటాడు. మొదటిసారి చూసినప్పుడు అతను నాకు సంస్కారవంతుడిగా కనిపించాడు. సినిమా ముగిసేసరికి అర్థమవుతుంది: పట్టింపు వదిలింది చాయ్ దగ్గర, శరీరం దగ్గర, పుట్టబోయే బిడ్డ దగ్గర కాదు. అంటరానితనం పోవడం వేరు, ఆధిపత్యం పోవడం వేరు అని ఇంత తక్కువ మాటల్లో చెప్పిన సినిమా మరొకటి నాకు తెలియదు. నర్సింగరావు ‘దాసి’ (1988) ఇంకో అడుగు వేసింది. అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చిన కమలాక్షి పాత్ర ఉపన్యాసం ఇవ్వదు. గడిలో చాకిరీ చేస్తుంది. దొర పిలిస్తే పోవాలి, కడుపు వస్తే తీయించుకోవాలి. ఆ చాకిరీని అంతసేపు ఓపికగా చూపించడమే ఆ సినిమా రాజకీయం.

కోస్తా నుంచి వచ్చిన ‘సంస్కరణ’ సినిమాల మీద నాకు అంత ఓపిక లేదు. ‘మాలపిల్ల’ (1938) దాని కాలానికి సాహసమే, సందేహం లేదు. కె. విశ్వనాథ్ ‘సప్తపది’ (1981)లో దళిత యువకుడు గొప్ప వేణుగాన విద్వాంసుడు కావలసి వచ్చింది. అప్పుడు కూడా అతని ప్రేమ నెగ్గడానికి బ్రాహ్మణ పెద్దాయన హృదయం కరగాలి. వేణువు ఊదకుండా డప్పు కొట్టేవాడైతే ఆ హృదయం ఏమయ్యేదో! కారంచేడు మారణకాండ 1985లో జరిగింది. రెండేళ్లకు అదే దర్శకుడి ‘స్వయంకృషి’ వచ్చింది. చెప్పులు కుట్టే సాంబయ్య కష్టపడి పైకొస్తాడు. కష్టపడితే చాలునన్న ఆ భరోసాను కారంచేడు తరువాత ఎవరు ఎవరికి ఇస్తున్నట్టు?

మా వైపు అందరికీ గుర్తున్న సినిమా మాత్రం ‘ఒసేయ్ రాములమ్మా’ (1997). కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు ముందు పెట్టుకుని టీవీలో దాన్ని చూడటం నాకు తెలుసు. వాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నది ఊరికే కాదు. దొర చేతిలో నలిగిన కింది కులపు స్త్రీని దాసరి కథకు కేంద్రం చేశారు, తెలంగాణ యాసను ఎగతాళికి కాక కోపానికి వాడారు. ఆ గౌరవం దక్కాలి. కానీ ఊరంతా కలిసి చేసిన పని అందులో ఒక తార చేసిన ప్రతీకారంగా మారిపోయింది. ఆమె తుపాకీ పట్టగానే ఊళ్లోని చాకలి, మంగలి, జీతగాడు ప్రేక్షకులైపోయారు.

2023లో సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసిన ‘బలగం’ను పల్లెల్లో తెరలు కట్టుకుని జనం కలిసి చూశారు. అందులో ఆఖరి ఘట్టాన్ని నడిపింది బుడగజంగాల గొంతు. ఆశ్రిత కులాల కళ కథ మధ్యలోకి వచ్చినందుకు సంతోషించాను. ప్రదర్శన ఎవరి వాకిట్లో జరగాలన్నది ఈ ప్రాంతంలో చిన్న విషయం కాదు గనుక. మాదిగలకు ఆశ్రిత కులమైన డక్కలివాళ్లు కిన్నెర పట్టుకుని జాంబపురాణం చెబుతారు. 1970ల నడుమ, దొర ముందు ఆడవలసిన డక్కలి ఆటను తమ వాడలో ఆడించినందుకు జగిత్యాల ప్రాంతంలో ఒక దళితుణ్ణి చంపారని ఆ ఉద్యమ చరిత్ర రాసినవారు నమోదు చేశారు. భూమి కోసం కాదు, కూలి కోసం కాదు. ఒక ఆటను తన వాళ్ల మధ్య కూర్చుని చూడాలనుకున్నందుకు.