చుట్టాలతో రేసుకోర్సుకా?

సంపాదకులకు,

పండక్కి వచ్చిన చుట్టాలను మలక్‌పేట రేసులకు తీసుకెళ్లి తలా ఒక పందెం కాయించడం సరదాయేనని గత సంచికలోని వ్యాసం తేల్చేసింది. గుర్రప్పందెం నైపుణ్యపు ఆటేనన్న సుప్రీంకోర్టు తీర్పును అడ్డం పెట్టుకుంది.

తీర్పు నిజమే, 1996 నాటిది. కాని అక్కడ నైపుణ్యమంటే గుర్రం వంశం, శిక్షణ, జాకీ నేర్పు, పాత పరుగులు చూసి వేసే అంచనా. పొద్దున్నే బస్సు దిగిన బాబాయి రేసు పుస్తకంలో ఇలవేల్పు పేరు కనబడిందని ఓ గుర్రాన్ని ఎంచుకుంటే అందులో నైపుణ్యం ఎంత? హ్యాండిక్యాప్ రేసుల్లోనైతే మేటి గుర్రం మీద ఎక్కువ బరువు పెట్టి అవకాశాలు సమం చేస్తారు. రోజూ వెళ్లేవాళ్లకే అంతుబట్టదు.

డబ్బు సంగతి వ్యాసం దాటేసింది. టోట్ అనే పద్ధతిలో పందేల సొమ్మంతా ఒకచోట చేర్చి, క్లబ్బు వాటా, పన్ను తీసేశాకే మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. 2025 సెప్టెంబర్ 22న పందేలపై జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది కూడా.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మొహమాటం. అతిథి వద్దనలేడు. ఇంటాయన తీసిచ్చిన ఐదొందలు పోతే అది అప్పో బహుమానమో తెలియదు, అడగనూ లేడు. (పిన్నిగారు తర్వాత ఏమంటారన్నది వేరే కథ.)

1886లో ఆరో నిజాం కాలంలో మౌలాలీ నుంచి మలక్‌పేటకు మారిన ఆ మైదానాన్ని, ప్యాడాక్‌లో నడిచే గుర్రాలను చుట్టాలకు తప్పక చూపించవచ్చు. పందెం టికెట్ల కౌంటర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లవద్దని వ్యాసకర్తకు మనవి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్