వ్యాపారవిద్య – ప్రత్యేకశాఖలు

ఐసెట్ పరీక్ష ముగిసినది మొదలు, ఎం. బి. ఏ.లో ఏ శాఖవారికి ఎక్కువ జీతము వచ్చునను ప్రశ్నయే మన పట్టణములలో వినవచ్చుచుండును. ఫైనాన్సా, మార్కెటింగా, మొన్నమొన్న వాడుకలోనికి వచ్చిన బిజినెస్ అనలిటిక్సా? తరగతిలో నడుగిడకమునుపే నిర్ణయ మైపోవుచున్నది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మన్నట్లున్నది.

ఈ పట్టమునకు చదువు రెండు సంవత్సరములు. మొదటి యేట అకౌంటింగు, అర్థశాస్త్రము, గణాంకశాస్త్రము, వ్యాపారన్యాయము మున్నగునవి అందఱికిని నిర్బంధవిషయములు, ప్రత్యేకశాఖ పిమ్మటిది. ఈ క్రమము నిష్కారణమైనది కాదు. ఖాతాపుస్తకము చదువనేరని మార్కెటింగు పట్టభద్రుడు సరకు నమ్మగలడు గాని, బాకీ వసూలు కాని అమ్మకము లాభము కాదని గ్రహింపజాలడు. వ్యాపారన్యాయమును మార్కుల కొఱకే చదువువారిని మే మెఱుగుదుము; ఒడంబడికపై సంతకము చేసిన తరువాతగాని వారి కా పాఠము జ్ఞప్తికి రాదు. 1908లో స్థాపింపబడిన హార్వర్డు వ్యాపారవిద్యాలయమున నేటికిని మొదటి సంవత్సరము అందఱికి నొకటే పాఠ్యక్రమము. రెండవయేట ఇష్టమైన విషయములను చదువుకొనవచ్చును గాని, ఒక శాఖకు కట్టుబడ నక్కఱలేదు.

మన కిది క్రొత్తవిద్య కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1957లోనే ఎం. బి. ఏ. తరగతులను నెలకొల్పినది. ప్రత్యేకశాఖ లుండుటపై మాకు ఆక్షేపణ లేదు. ఆ శాఖాజ్ఞానమునకు నిదర్శనముగా సమర్పింపవలసిన ప్రాజెక్టు రిపోర్టు గతియే మమ్ము కలవరపెట్టుచున్నది. వెనుకటి సంవత్సరపు నివేదికలో కంపెనీపేరు మార్చి, అట్ట కట్టించి, ఒప్పగించువారు లేకపోలేదు. ఈ రహస్యము ఆచార్యులకంటె బైండింగు దుకాణములవారికి బాగుగ తెలియును. అప్పు చేసి చదివించు తండ్రికి మాత్రము తెలియదు.

గుజరాతులోని ఆనంద్ పట్టణమున వర్గీస్ కురియన్ 1979లో స్థాపించిన గ్రామీణ నిర్వహణ సంస్థలో, విద్యార్థులు పల్లెలకు పోయి అచ్చట నివసించి పరిశీలించుట పాఠ్యక్రమములోని భాగమే. మన కళాశాలల కిట్టి క్షేత్రములు కఱవా? గుంటూరు మిర్చియార్డునకు ఫైనాన్సు విద్యార్థిని పంపుడు. ధరకై సరకును శీతలగిడ్డంగిలో మూడునెలలు నిలువయుంచిన రైతునకు, గిడ్డంగి యద్దె, అప్పుపై వడ్డీ, కమీషను పోగా మిగులున దెంతయో అతడు లెక్కకట్టవలయును. ఒక్కొక్కప్పుడు లెక్క తేలిన పిదప, నిలువ యుంచకుండుటయే మేలని తోచును. ఆ సంగతి ఏ పాఠ్యపుస్తకమును అతని కింత స్పష్టముగ చెప్పజాలదు. పోచంపల్లిలో అమ్ముడుపోని చీరెల నిలువయెదుట నేతగానితో ఒక దినము కూర్చుండిన మార్కెటింగు విద్యార్థికిని అట్టి పాఠమే దొరకును.

ఇందుకు క్రొత్త భవనములును, క్రొత్త శాఖలును వలదు. రెండు సంవత్సరముల నడుమనున్న వేసవిసెలవులు చాలును. మౌఖికపరీక్షలో పరీక్షకులు బంగారురంగు అక్షరముల యట్టను ప్రక్కకు నెట్టి, విద్యార్థి అచ్చట దినదినమును స్వహస్తముతో వ్రాసికొన్న పుస్తకమును మొదట నడుగవలయునని విశ్వవిద్యాలయములవారిని కోరుచున్నాము.