తాతగారి డబ్బా కెమెరా: దృశ్యంలో లేని ద్రష్ట

గోదావరీ తీరంలోని మా పూర్వుల గృహాన్ని విక్రయించవలసి వచ్చినపుడు, అటకపైనున్న ట్రంకుపెట్టెలో మా పితామహుల కెమెరా లభించినది. పాత పట్టుబట్టలో చుట్టి, పైన పంచాంగాలు పేర్చి ఎవరో దానిని భద్రపరచినారు. మా అన్నగారు దానిని చేతిలోకి తీసుకొని, దుమ్ము తుడిచి, మొట్టమొదట పలికిన మాట ఇది: "ఒరేయ్, దీనికెంత వస్తుందంటావు?"

ఆ మాట విని నాకు కించిత్ క్లేశం కలిగినది. పిదప ఆలోచించగా ఆ ప్రశ్నలో దోషమేమీ గోచరించలేదు. గృహమే చేతులు మారుతున్నపుడు అందులోని వస్తువుల వెల తెలిసికొనడం గృహస్థధర్మమే. దోషం అటుపిమ్మట ఎక్కడో ప్రవేశిస్తుంది.

అది కోడక్ వారి రెండవ నంబరు బ్రౌనీ. మన పెద్దలు దీనిని డబ్బా కెమెరా అనేవారు. కార్డుబోర్డు పెట్టె, దానిపై తోలును పోలిన నల్లని పూత, ముందువైపు ఒక సామాన్యమైన కటకం, ఫిల్మును త్రిప్పడానికి ఒక చిన్న తాళపు చెవి వంటిది, వెనుకవైపు అంకె కనిపించే ఎర్రని గవాక్షం. ఇంతకంటె అందులో పెద్దగా ఏమీ లేదు. 1900లో వెలువడిన తొలి బ్రౌనీ వెల ఒక్క డాలరు. బాలలు సైతం ఛాయాచిత్రాలు తీయగలగాలన్నది దాని ఉద్దేశం. మరుసటి సంవత్సరమే ఈ రెండవ నంబరు వచ్చినది. 120 అనే ఫిల్ము దీనికొరకే పుట్టినది. ఒక చుట్టకు ఎనిమిది చిత్రాలు. తాతగారు 1930 దశకంలో మద్రాసులో కొన్నారని మా నాన్నగారు చెప్పగా విన్నాను.

ఇటువంటివి లక్షలాదిగా తయారైనవి కనుక నేడు వీటికి సాధారణంగా కొద్ది వేల రూపాయలకు మించి రావు. పాతదైనంత మాత్రాన వస్తువు అమూల్యమవుతుందనుకోవడం మన అమాయకత్వం. అరుదైనదానికే అంగడిలో ఆదరం.

అయితే ఆ అంగడిలోనే ఒక వింత జరిగినది. 2022లో జర్మనీలోని వెట్జ్లర్ నగరంలో ఒక లైకా కెమెరా వేలంలో 1 కోటి 44 లక్షల యూరోలు పలికినది. 1923 ప్రాంతంలో పరీక్షార్థం చేసిన అతి కొద్ది కెమెరాలలో అది ఒకటి. అరుదైనదే, సందేహం లేదు. కాని అదే శ్రేణికి చెందిన ఇతర కెమెరాలకు రాని ధర దానికి రావడానికి కారణం, అది లైకా సృష్టికర్త ఆస్కార్ బార్నాక్ స్వయంగా వాడుకొన్నది కావడం. ఆయన నామధేయం దానిపై చెక్కబడి ఉన్నది. అనగా కోటీశ్వరులు సైతం ఆ యంత్రంలో అన్వేషించినది లోహాన్నీ గాజునూ కాదు, దానిలోనుండి చూచిన ఒక మనుష్యుణ్ణి.

ఈ సందర్భంలో నాకు బృహదారణ్యకంలోని మైత్రేయి స్ఫురించినది. యాజ్ఞవల్క్యుడు గృహస్థాశ్రమాన్ని వీడబోతూ కాత్యాయనికీ మైత్రేయికీ ఆస్తిని పంచి ఇస్తానన్నాడు. ఈ భూమి సమస్తం ధనపూర్ణమై నాదైనా, దానివలన నేను అమృతత్వాన్ని పొందుతానా అని ఆమె అడిగినది. మనం సాధారణంగా ఆ ప్రశ్నను కీర్తించి ముందుకు సాగిపోతాము. నా దృష్టి మాత్రం దానికి ముందరి ఘట్టంపై నిలుస్తుంది. బ్రహ్మజ్ఞాని అయిన యాజ్ఞవల్క్యుడు పంపకాన్ని తుచ్ఛమని తలచలేదు. ఇద్దరికీ న్యాయం చేసి వెళ్ళాలనుకొన్నాడు. అంత గంభీరమైన ఉపదేశానికి నాంది ఆస్తి పంపకమే! కనుక వెల అడిగినవారిని లౌకికులని ఈసడించే మన వైరాగ్యం ఎంతవరకు నిజమో పరీక్షించుకోవలసి ఉన్నది. నా విషయంలో అది వైరాగ్యం కాదు, 'నేను అన్నయ్యకంటె ఉత్తముణ్ణి' అనే అహంకారం మాత్రమే.

అన్నగారు పట్నంలో పాత వస్తువులు కొనే ఒక వ్యాపారిని పిలిపించినారు. ఆయన కెమెరాను అటూ ఇటూ త్రిప్పి, లోపల తుప్పు ఉన్నదేమో చూడాలని వెనుక తలుపు తెరవబోయినాడు. అన్నగారి కుమార్తె హఠాత్తుగా, "ఆగండి, ఆగండి!" అని అరచినది. ఎర్రని గవాక్షంలో అస్పష్టంగా 6 అనే అంకె కనిపిస్తున్నది. లోపల ఫిల్ము ఉన్నది! తాతగారు 1958లో దివంగతులైనారు. ఎనిమిదింటిలో ఆరవదాని వద్ద ఆగిపోయిన ఆ చుట్ట అంతకాలంగా చీకటిలో పడి ఉన్నది. ఆ తలుపు ఒక్కమారు వెలుతురులో తెరచుకొని ఉంటే సర్వం నశించేది.

దోషం ప్రవేశించేది ఇక్కడే. వెల అడగడంలో కాదు, వెల నిర్ణయించే తొందరలో లోపలనున్నదానిని నాశనం చేయడంలో.

ఆ పాపను చూచి సంతోషిస్తూనే నాకొక విషయం తట్టినది. మా ఇంటి ఆల్బముల్లో నూటికి పైగా చిత్రాలు ఉన్నవి. పుష్కర స్నానాలు, ఉపనయనాలు, కొత్త దూడ, తులసికోట ముందు నాయనమ్మ. ఒక్కదానిలోనూ తాతగారు లేరు. తీసినది ఆయనే కదా! చిత్రంలో ఎవరున్నారని వెదకుతూ డెబ్బది సంవత్సరాలు గడిపినాము. ప్రతి చిత్రంలోనూ ఎవరి చూపు ఉన్నదో ఎన్నడూ అడగలేదు. రూపం దృశ్యం, కన్ను ద్రష్ట. మనస్సుకు ఆ కన్ను సైతం దృశ్యం. ఆ మనస్సుకు సాక్షి దృశ్యం కానేరదు. 'దృగ్దృశ్యవివేకం' ఈ విచారంతోనే ఆరంభమవుతుంది. ఏళ్ళతరబడి పారాయణ చేసిన నాకు ఆ క్రమం మా ఇంటి ఆల్బములో కనిపించలేదు, చూడండి!

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తాతగారిని ఆత్మస్థానంలో నిలిపితే వేదాంతం చెడుతుంది. ఆయన దేహం, ఆయన అభిరుచి, ఆయన పేరు, ఇవన్నీ దృశ్యకోటిలోనివే. ఉపమానానికి ఒక హద్దు ఉంటుంది. యాజ్ఞవల్క్యుని ఉపదేశ సారాంశం కూడా దీనినే బోధిస్తున్నది. ఏ వస్తువైనా మనకు ప్రియమయ్యేది ఆత్మ నిమిత్తమే. కెమెరాపై మాకున్న మమకారం ఆ ప్రేమలోని ఒక కిరణం. దానిని తుచ్ఛమని త్రోసివేయరాదు. కిరణాన్నే సూర్యుడని అక్కడే ఆగిపోనూ రాదు. బంధువులలో ఒకరు ఆ కెమెరాకు కుంకుమ పెట్టి పూజామందిరంలో ఉంచుదామన్నారు. నేను వారించినాను. చూడడానికి చేసిన వస్తువును చూడబడే విగ్రహంగా మార్చడం నాకు ఉచితంగా తోచలేదు.

ఫిల్మును చీకటిలోనే చివరివరకు చుట్టి, వెలికితీసి, పాత ఫిల్ములను కడిగే అనుభవజ్ఞునికి పంపినాము. ఆరు చిత్రాలలో నాలుగు కేవలం ధూమం. ఒకటి సగం కనిపించే నది. ఆరవదానిలో నాయనమ్మ తులసికోట ప్రక్కన నిలుచుండి ఎండకు కళ్ళు చికిలిస్తున్నది. ఈ కెమెరాతో తీసేవారు సూర్యుణ్ణి వీపువైపు ఉంచుకోవాలి. అందువలన ఆమె పాదాలవరకు నేలపై ఒక నీడ సాగి ఉన్నది. పంచెకట్టు, డబ్బాను నడుము వద్ద పట్టుకొన్నందువలన ఇరువైపులా పొడుచుకొని వచ్చిన మోచేతులు, కొద్దిగా వంగిన శిరస్సు.

అన్నగారు చాలాసేపు దానిని చూచినారు. "తాతయ్యేరా" అన్నారు.

వ్యాపారి చెప్పిన ధరలో సగం అన్నగారికి నేను చెల్లించబోగా ఆయన పుచ్చుకోలేదు. కెమెరా ఇప్పుడు ఆయన కుమార్తె వద్ద ఉన్నది. 120 ఫిల్ము నేటికీ తయారవుతున్నది. ఒక చుట్ట తెప్పించినానని నిన్న ఫోనులో చెప్పినది.