తక్కెడ ఎవరి చేతిలో ఉన్నది?

ఆ మధ్య ఒక సాహిత్య సభలో ఇద్దరు కథకులను వేదిక మీద కూర్చోబెట్టారు. ఆయనను కథాశిల్పం గురించి అడిగారు. ఆమెను మాత్రం, "పిల్లల్ని పెంచుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ, సమాజాన్ని గురించి కూడా ఆలోచిస్తూ ఇవన్నీ ఎలా సమతూకం చేసుకుంటున్నారమ్మా?" అని అడిగారు. అధ్యక్షులవారు ఆప్యాయంగానే అడిగారు. ఆయనకూ ఇద్దరు పిల్లలున్న సంగతి సభలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఈ ప్రశ్న అమాయకమైనది కాదని నా వాదన. తక్కెడ ఆమె చేతికిచ్చి రాళ్లు మనం వేస్తున్నాం. ముల్లు కాస్త వంగితే తప్పు ఆమెదే నంటున్నాం.

ఆ రాళ్ల బరువెంతో లెక్క ఉన్నది. 2024 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసిన స్త్రీలు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చించారు. ఆ పనికి పూనుకొన్న పురుషులు వెచ్చించినది 88 నిమిషాలు. పిల్లల, వృద్ధుల సంరక్షణ దీనికి అదనం. మూడు గంటలకు పైబడిన ఈ తేడా ప్రతిభకు సంబంధించినదా, శ్రమవిభజనకు సంబంధించినదా? శ్రమను గురించి నిత్యం మాట్లాడే అభ్యుదయవాదులు వంటింటి గడప దగ్గర ఆ మాట మరచిపోవడం ఏమి న్యాయం?

మాతృత్వం సొంత గొడవ, సామాజిక స్పృహ వేరనేది మరొక వాదం. భండారు అచ్చమాంబ 1902లో "ధనత్రయోదశి" కథ ప్రకటించింది. ఆ కాలంలోనే స్త్రీ సమాజాల స్థాపనకు పాటుపడింది. కన్నబిడ్డలను పోగొట్టుకొన్న ఆ తల్లి 1905లో, ముప్పై ఏళ్ల ప్రాయంలో కన్నుమూసింది. ఆమె జీవితంలో ఇల్లు ఎక్కడ ముగిసింది, సమాజం ఎక్కడ మొదలైంది? అయినా తొలి తెలుగు కథ 1910 నాటి "దిద్దుబాటు" అనే చాలా కాలం పాఠం చెప్పుకొన్నాం. నేనూ చెప్పాను. తరువాత కొండేపూడి నిర్మల "లేబర్ రూం" వంటి కవితతో ప్రసవ వేదనను సాహిత్యంలోకి తెచ్చింది. అటువంటి కవిత్వాన్ని కొందరు "నీలి కవిత్వం" అని ఎద్దేవా చేశారు. 1993లో స్త్రీవాద కవితా సంకలనం "నీలిమేఘాలు" పేరుతోనే వెలువడి వారికి జవాబు చెప్పింది. గనిలో కార్మికుని చెమట సామాజికమైనప్పుడు, ప్రసూతి మంచం మీది చెమట ఎందుకు కాకపోయింది?

"నిజమైన రచయిత్రి ఎన్ని కష్టాలున్నా వ్రాస్తుంది" అని కొందరంటారు. వ్రాసినవారి పేర్లు మనకు తెలుసు. వ్రాయలేకపోయినవారి జాబితా ఏ గ్రంథాలయంలోనూ లేదు. నా తరగతిలో మంచి కవిత్వం వ్రాసిన అమ్మాయిలు బిడ్డ పుట్టాక నోటుపుస్తకం మూసేయడం చూశాను. వారికి వ్రాయాలనే కోరిక చావలేదు. తీరిక చచ్చింది. నా కూతురు నిద్రపోయాక ఈ వ్యాసం వ్రాస్తున్నాను. దీన్ని త్యాగమని ఎవరూ పొగడవద్దు. పగటి ఉద్యోగం తరువాత ఇది నాకు మూడవ షిఫ్టు. రెండవది వంటింట్లో గడిచింది. బిడ్డ నా రచనకు అడ్డు కాదు. బిడ్డ బాధ్యత అంతా ఒక్కరిదే కావడం అడ్డు.

కాబట్టి ప్రశంసలు చాలించి పనిలోకి దిగుదాం. 50 మంది పనిచేసే సంస్థలో శిశు సంరక్షణాలయం ఉండాలని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు. వందలమంది వచ్చే మన మహాసభలలో పిల్లల కోసం ఒక గది, చూసుకొనే ఇద్దరు మనుషులు ఉండకూడదా? ఆ ఇద్దరూ పురుష రచయితలైతే మరీ మంచిది. సమావేశాలు రాత్రి వంటవేళకు కాక పగలే జరపకూడదా? 1943లో తెనాలి మహాసభతో మొదలైన అభ్యుదయ సాహిత్యోద్యమానికి ఇదేమంత పెద్ద పని కాదు.

ఆ పని చేసిన తరువాత సమతూకం గురించి అడగండి. అప్పుడు ఆయననూ అడగండి.