షటిల్ బ్యాట్ పడితే ఇజ్జత్ పోతుందా?

2022లో ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయితే మా మొహల్లా అంతా స్టేటస్‌లే. మాషా అల్లాహ్! అదే మొహల్లాలో నేను నలభై ఏళ్లకి షటిల్ నేర్చుకుంటుంటే, "ఈ ఉమర్‌లో ఇదేం షౌక్ భాభీ?" అని నవ్వులు.

నా సర్వీసు నెట్ దాటట్లేదు, సహీ. పదిసార్లు ఊపితే ఆరుసార్లు గాలికే తగులుతోంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంకెలా ఉంటుంది? నిఖత్ మాత్రం మెడల్ వేసుకునే రింగులోకి దిగిందా? ఆమె అబ్బా జమీల్ అహ్మద్ సాబ్ తానే గ్రౌండుకి తీసుకెళ్లి నేర్పారు. మనమో, గెలిచాక ముబారక్ అంటాం. తడబడే రోజుల్లో "లోగ్ క్యా కహేంగే" అని బిడ్డని ఇంట్లో కూర్చోబెడతాం. షుగర్ గోళీలు మింగడానికి లేని శరమ్ పరుగెత్తడానికెందుకు?

రేపు ఫజర్ తర్వాత నా బిడ్డనీ గ్రౌండుకి తీసుకెళ్తున్నా, ఇన్షా అల్లాహ్. నవ్వేవాళ్లు గోడ అవతల నిలబడండి, ఇవతల జాగా తక్కువ.