కూటికుండలో కులగోత్రములు

స్పెయిను దేశపు వాయవ్యమూలను గలీసియా అను సీమ కలదు. వానలు మెండు; పొలములు చిన్నవి. అచటి రైతుల ఇండ్లలో తరతరములుగా కాగుచు వచ్చిన చారును ‘కాల్దో’ అందురు. చారన్న మాటయే గాని అది పలుచనిది కాదు. చిక్కుడుగింజలు, దుంపలు, ఆకుకూర, మాంసము ఒక్క కుండలో ఉడికి, గిన్నెడు త్రాగినచో పూట గడచునట్టి కూడు. గలీసియావారు తమదని గర్వముతో చెప్పుకొను వంటలలో ఇది ముఖ్యమైనది.

దీనిని వండు తీరు తొందరపాటును సహింపదు. తెల్లని చిక్కుడుగింజలను ముందునాటి రాత్రియే నానవేయుదురు. మరునాడు పంది ఎముకను, ఉప్పువేసి నిలువచేసిన క్రొవ్వుముక్కను చేర్చి, చన్నీటిలో పొయ్యి కెక్కించి, సన్నని సెగపై గంటకు పైగా ఉడికింతురు. గింజ మెత్తబడిన పిదప బంగాళాదుంప ముక్కలును, చొరీసోయును పడును. చొరీసో యనగా పందిమాంసమును సన్నగా తరిగి, ఉప్పు, వెల్లుల్లి, ఎఱ్ఱని మిరపపొడి కలిపి, ప్రేవులో కూరి ఆరబెట్టినది. ఇక టర్నిపు దుంప లేతాకు చేదు గలది. కావున దానిని వేఱుగా రెండు పొంగులు రానిచ్చి, ఆ నీరు పారబోసి, చివరను కుండలో వేయుదురు. ఉప్పు కడపట చూచి వేయవలెను. మాంసములో ముందే ఉన్నది గదా. కొన్ని దుంపముక్కలను గరిటెతో చిదిపినచో చారు చిక్కబడును. శాకాహారులైన పాఠకులు ముఖము చిట్లింప నక్కరలేదు. ఇచట ముచ్చట మాంసమును గూర్చినది కాదు, పొత్తును గూర్చినది.

ఈ కుండలోనివాని పుట్టుపూర్వోత్తరములు విచారింపుడు. 1492లో కొలంబసు అట్లాంటికు దాటక పూర్వము ఐరోపాలో ఈ జాతి చిక్కుడు లేదు, బంగాళాదుంప లేదు, మిరప లేదు. మూడును అమెరికానుండి వచ్చినవే. చొరీసోకు ఎఱుపు నిచ్చినది మిరపయే. దుంప కుండలో స్థిరపడుటకు పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దులు పట్టినవి. అంతకుముందు చెస్ట్‌నట్ కాయలు, టర్నిపు దుంపలు ఉడికెడివి. ఆకును, పందియు మాత్రమే పాతకాపులు. అయినను దీనిని పరదేశపు వంట యన్నచో అచటి ముసలమ్మ గరిటె తీసికొని వెంటబడును. తరువాతి కాలమున బ్రతుకుతెరువు వెదకుచు గలీసియనులు పెక్కుమంది బ్యూనస్ ఐరిస్, హవానా నగరములకు వలసపోగా, ఈ వంటయు వారి వెంట పోయినది. అమెరికా గింజ గలీసియా చారై అమెరికాకే మరలినది!

తెలుగునాట మాత్రము వేఱుగా నున్నదా? పోర్చుగీసువారి ఓడలు 1498లో కోళికోడు చేరిన తరువాతనే మిరపకాయ ఈ దేశమున అడుగిడినది. మిరియమును పోలిన పేరు పెట్టి తెలుగువారు దానిని ఇంటిదానిగా చేసికొనిరి. నేడు మిరప లేని ఆవకాయను ఊహింపగలవారెవరు?

పదముల కథయు ఇట్టిదే. గలీసియా భాష పోర్చుగీసుకు తోబుట్టువు. అచట బడిపంతులును ‘మెస్త్రె’ అందురు. ఆ మాటయే పోర్చుగీసువారి నోట వచ్చి, తెలుగున ‘మేస్త్రి’ యై గోడలు కట్టించుచున్నది. బొత్తాము, తువ్వాలు అను మాటలును ఆ ఓడలలో దిగినవే. వీనిని వ్రాసిన విద్యార్థిని ఏ ఉపాధ్యాయుడును తప్పుపట్టడు. మరి ‘బస్సు’ అని వ్రాసిన పిల్లవాని వ్యాసముపై ఎఱ్ఱసిరా ఏల పడవలెను?

అట్లని కనబడిన పరభాషాపదము నెల్ల గుమ్మరించుటయు వంట కాదు. నానని గింజ పంటికి తగులును. చేదునీరు వార్చని ఆకు కుండనంతను చెఱచును. ‘బస్సు’ ఉకారాంతమై, బస్సులనియు బస్సులోననియు తెలుగు ప్రత్యయములతో కలిసిపోయినది. అది ఉడికిన మాట. చక్కని తెలుగుమాట వాడుకలో నుండగా, దానిని త్రోసి, గొప్పకై దిగుమతి చేసికొన్న మాట పచ్చిది. దానిని దిద్దవలసినదే.

కావున వ్యాసములు దిద్దు ఉపాధ్యాయుడు ‘ఈ మాట ఎచటిది?’ అని గాక ‘ఇది ఉడికినదా?’ అని అడుగుట మేలు. ఆ ప్రశ్నను విద్యార్థికి నేర్పినచో వానికి భాషయందు భయము పోయి, రుచి కలుగును.